పందొమ్మిది బండ్లు, నలభై ఒక్క పాట్లు

పందొమ్మిది వందల యాభై, ఫిబ్రవరి నెల రెండో మంగళవారం, పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు ఒక స్త్రీ తన కుడిచేతిని ఎడమచేత్తో మోసుకుంటూ మా దవాఖానకు వచ్చింది. అంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, రిజిస్టరులో ప్రతి రోగి పేరు పక్కన వచ్చిన వేళ రాయడం నా అలవాటు. అలా రాయమని నన్నెవరూ అడగలేదు. నేను చెప్పబోయేది, అడగని లెక్కలు వేయడం వల్ల జరిగిన అనర్థం గురించే కాబట్టి, ఆ సంగతి మొదటే ఒప్పుకోవడం మంచిది.

అప్పుడు నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు పూర్తిచేసి పది నెలలైంది. జనగామ నుంచి ఎడ్లబండిలో రెండు గంటల దూరంలో ఉన్న ఊరు. పేరు రాయను, ఆ ఊరి వాళ్ళు ఇప్పటికే చాలా భరించారు. దవాఖాన అంటే రెండు గదులు, ఒక వరండా. డాక్టరుగారు మంగళ, శుక్రవారాల్లో జనగామ నుంచి వచ్చేవారు. మిగతా అయిదు రోజులు నేను, కంపౌండరు చాచా, ఊడ్చి నీళ్ళు తెచ్చే ఆయవ్వ, ముగ్గురం కలిసి డాక్టర్లం. చాచాకు యాభై ఆరేళ్ళు. ఆయవ్వకు తన వయసు తెలియదు. అడిగితే "నీ అంత లేను" అనేది.

ఇప్పుడు దవాఖానల్లో పనిచేసే మీకు ఆ రిజిస్టరు సంగతి కొంత చెప్పాలి. పోలీసు చర్య జరిగి ఏడాదిన్నర కావొస్తున్నా కొత్త పుస్తకాలు రాలేదు. గడుల పేర్లు పాతవే, ఉర్దూలో ఉండేవి. లోపల మేం తెలుగులో నింపేవాళ్ళం. పేరు, వయసు, బాధ, సబబు, ఎంతకాలం. సబబు అంటే కారణం. ఎంతకాలం అన్న గడి చూపుడువేలంత వెడల్పు కూడా లేదు. అందులో ఒక అంకె, ఒక అక్షరం మాత్రమే పట్టేవి. రోజుకు 'రో', నెలకు 'నె', సంవత్సరానికి 'సం'. మనిషి బాధ వయసును ఒక అంకెలో, ఒక అక్షరంలో ఇమిడ్చే ఆ గడి నాకు అప్పట్లో ఎంతో నచ్చేది.

ఊరికి అర మైలు అవతల పోలీసు క్యాంపు. గుట్టల వైపు దళం. అన్నం అడిగేవాళ్ళు ఒకరు, అన్నం ఎవరికి పెట్టావని అడిగేవాళ్ళు ఇంకొకరు. దెబ్బలు తిన్నవాళ్ళు మాత్రం మా వరండాకే వచ్చేవాళ్ళు. కానీ 'కొట్టారు' అన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదు. కొట్టారని రాస్తే ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు, నువ్వక్కడ ఏం చేస్తున్నావు అని ప్రశ్నలు పుడతాయి. అందుకని ఊరంతా ఒకే మాట మీద నిలబడింది.

"ఏమైందక్కా?" అని అడిగాను ఆ మంగళవారం వచ్చినామెను. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. కూలిపని. నాట్లలో ఆమె వరుసను అందుకోవడం ఎవరి తరమూ కాదని ఆయవ్వ చెప్పేది.

"బండి మీదికెళ్ళి పడ్డ."

"ఎవరి బండి?"

"బండి బండే గదమ్మా. ఎవలదైతేంది?"

"ఎక్కడ పడ్డవు?"

"కింద."

వెనక సీసాలు కడుగుతున్న చాచా నవ్వాడు. "రాస్కో బేటీ. పైకి పడితే వింత గని, కింద పడుడు కాయిదానే గద."

భుజం మీద జానెడు పొడవు, బొటనవేలంత వెడల్పు నల్లటి కమిలిన గీత. బండి అంచు అంత నున్నగా, అంత తిన్నగా తగలదు. డాక్టరుగారు పదకొండింటికి వచ్చి చూశారు. ఎముక విరగలేదు, మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటుంది అన్నారు. చేతికి కట్టు వేసి, తైలం ఇచ్చి, నేను రాశాను: కుడి భుజం నొప్పి. సబబు: బండి. 1 రో.

అదే రోజు మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు యాభై ఎనిమిదేళ్ళ ఒక రైతును నలుగురు పట్టుకొచ్చారు. ఆయన కూడా బండి మీదనుంచే పడ్డాడు. తేడా ఏమిటంటే, ఆయన నిజంగా పడ్డాడు. చావడి ముందు, పదిమంది చూస్తుండగా, గడ్డి వేసిన బండి మీద నిలబడి ఎవరినో వెక్కిరిస్తూ పడ్డాడు. మెడ కింది ఎముక విరిగింది.

"ఎడ్లు మంచియే బిడ్డా, తోలెటోనికే అక్కల్ లేదు," అన్నాడు నేను కట్టు కడుతుంటే. "రాసుకో, ఎడ్ల తప్పు లేదని రాసుకో."

రాసుకున్నాను. బండి ఎత్తు రెండు గజాలని కూడా రాసుకున్నాను. అదీ ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతి ఏడు వారాలు ఆ ఇద్దరినీ పక్కపక్కన చూశాను. ముసలాయన కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడల్లా వరండాలో కూర్చుని తను పడ్డ ముచ్చట చెప్పేవాడు. మొదటి వారం రెండు గజాలున్న గడ్డి అయిదో వారానికి తాటిచెట్టంత అయింది. జ్వరంతో వచ్చినవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. "తాతా, ఇంకో వారమైతే నువ్వు మబ్బుల మీదికెళ్ళి పడ్తవ్," అనేది ఆయవ్వ. ఏడో వారానికి ఆయన బస్తా ఎత్తాడు. నొప్పి ఉందా అంటే, "ఉన్నదో లేదో సూసుకునె తీరిక లేదు" అన్నాడు.

ఆమె ఏమీ చెప్పేది కాదు. వచ్చేది, తైలం రాయించుకునేది, వెళ్ళేది. అయినా తగ్గుతూనే ఉంది. మూడో వారానికి చెయ్యి నుదుటి దాకా లేచింది. మార్చి చివరి శుక్రవారం నా ముందే రెండు చేతులూ వెనక్కి పెట్టి తన జుట్టు తానే ముడి వేసుకుంది. వేసుకుని నా వైపు చూసి కొంచెం నవ్వింది. ఆ రోజు ఆమె పేరు పక్కన చిన్న టిక్కు పెట్టాను.

ఇక్కడిదాకా ఎవరి తప్పూ లేదు. ఇక నా లెక్క మొదలవుతుంది.

మార్చి ఆఖరున మూడు నెలల నివేదిక పంపాలి. ఎంతమంది వచ్చారు, ఎంతమందికి నయమైంది, ఇంతే అడిగేవారు. నేను కారణాల వారీగా పట్టిక వేశాను. జ్వరాలు, విరేచనాలు, గజ్జి, తేలు కుట్టినవి, బండి. బండి దగ్గర నలభై ఒకటి వచ్చింది. పట్వారిని అడిగి ఊళ్ళో ఎన్ని బండ్లున్నాయో తెలుసుకున్నాను. పందొమ్మిది. అందులో మూడింటికి చక్రాలు లేవు. నివేదిక కింద ఒక వాక్యం చేర్చాను: ఈ ఊరిలో బండ్ల కంటే బండి మీదనుంచి పడినవారు రెండింతలకు మించి ఉన్నందున బండిబాటను తనిఖీ చేయించవలసిందిగా మనవి.

చాచా చదివి కళ్ళద్దాలు తీశాడు.

"బేటీ, గిది పంపకు."

"లెక్క తప్పా చాచా?"

"తప్పుంటే పంపమందును. సరిగ్గున్నది. గదే పరేషాన్."

నాకు తెలియక పంపానని మీరు అనుకోవద్దు. ఆ నలభై ఒక్కమందిలో నలభై మంది ఎందుకు పడ్డారో నాకు తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే: నివేదికలను ఎవరైనా చదువుతారని. అంతకు ముందు పంపినవాటికి ఏ జవాబూ రాలేదు. ఇంత చక్కటి లెక్క దొరికాక దాన్ని కాగితం మీద పెట్టకుండా ఉండటం నా చేత కాలేదు. మీలో ఎవరికైనా అంకెలంటే ఇష్టముంటే ఈ జబ్బు తెలిసే ఉంటుంది.

ఏప్రిల్ రెండో వారంలో బాటల ఓవర్సీరు వచ్చాడు. గొలుసు పట్టి కొలిచి, నాలుగు గుంతల్లో మొరం పోయించి వెళ్ళాడు. నా ఉద్యోగంలో ఒక నివేదికకు వచ్చిన మొదటి ఫలితం అది. రెండు రోజులు చాచా ముందు తల ఎత్తుకుని తిరిగాను.

తర్వాతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు క్యాంపు జవాను ఒకడు వచ్చాడు. నాలుగింటికి క్యాంపు ఆఫీసరు వస్తారని, రిజిస్టరు సిద్ధంగా ఉంచమని చెప్పాడు. ఆయవ్వ వాడికి మంచినీళ్ళిచ్చి, వాడి తల్లి ఆరోగ్యం అడిగి, అసలు సంగతి రాబట్టింది. ఫిబ్రవరి రెండో సోమవారం సాయంత్రం జొన్నచేలలో దళానికి రొట్టెలు మోస్తున్నారని క్యాంపు వాళ్ళు కొందరిని తరిమారు. లాఠీలు తగిలాయి కానీ మనుషులు దొరకలేదు. దెబ్బ తగిలినవాళ్ళు మందుకు వచ్చే ఉంటారు కదా అని ఎవరికీ తట్టలేదు. ఒక నర్సు పంపిన నివేదిక చూశాకే తట్టింది.

రిజిస్టరు తీశాను. దాని తర్వాతి మంగళ, బుధవారాల్లో సబబు గడిలో 'బండి' అని ఉన్నవి రెండే. ఆమె, ముసలాయన. మిగతా దెబ్బలవాళ్ళు నాకంటే తెలివైనవాళ్ళు, రానేలేదు.

క్యాంపుకు తీసుకుపోయిన ఆడవాళ్ళ గురించి ఊళ్ళో వినేవి నేను ఇక్కడ రాయను. ఆమెకు ఆరేళ్ళ కూతురు ఉంది, భర్త లేడు. మాకు మూడు గంటల యాభై నిమిషాలు ఉన్నాయి.

చాచా తన గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చాచా, నేను ఇంతవరకు రిజిస్టరు దిద్దలేదు."

"నేను ఇంతవరకు బ్లేడు కాయిదం మీద పెట్టలే. ఇద్దరికీ కొత్తనే."

'1 రో' లో 'రో' గీకి 'సం' రాశాను. 'బండి' గీకి 'వాతం' రాశాను. ఒక రోజు దెబ్బ ఏడాది వాతమైంది. సోమవారం నాటి లాఠీకీ ఏడాది కిందటి వాతానికీ సంబంధం ఉండదు. కాగితం అక్కడ పలచబడింది. ఆయవ్వ వంగి చూసింది.

"నాకు సదువు రాదు గని నర్సమ్మా, గాడ కాయిదం బక్కగైంది. ఎవడన్న ఎల్తురుకు పెడితె దొరుకుతది." అని తైలం సీసా తీసి, ఆ పేజీ మీద, దాని ముందు పేజీ మీద, వెనక పేజీ మీద నాలుగు చుక్కలు పోసింది. "దవాఖాన బుక్కు గిట్లనే ఉంటది."

"మరి ముసలాయనది?" అన్నాడు చాచా.

"అది నిజం కదా చాచా. చావడి ముందర అందరూ చూశారు. నిజానికేం భయం?"

 చాచా బ్లేడు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆయవ్వను ఆమె ఇంటికి పంపాను. ఏం చెప్పమన్నానో మాటకు మాట గుర్తుంది: "కట్టు కట్టుకోమను. ఏడాది నుంచి వాతమని చెప్పమను. క్యాంపు ఉన్నన్ని రోజులు చెయ్యి పైకి ఎత్తొద్దని చెప్పు."

ఆఫీసరు సరిగ్గా నాలుగింటికి వచ్చాడు. వేళ తప్పనివాళ్ళంటే నాకు గౌరవం, అది దాచను. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాడు, ముప్పై ఏళ్ళు ఉండవు, మర్యాదగా మాట్లాడాడు.

"ఎవరండీ ఈ లెక్క కట్టింది? మీరేనా? పందొమ్మిది బళ్ళు, నలభై ఒక్కమంది! మా వాళ్ళకి రెండు నెలల్నుంచి తట్టని విషయం మీకు తట్టిందండీ. చాలా బావుంది."

సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఒక క్షణం నాకు సంతోషం కలిగింది.

పేజీలు తిప్పాడు. తైలం మరకలు చూసి ముఖం చిట్లించాడు. లాఠీలు భుజాల మీద పడ్డాయని జవాన్లు చెప్పారట, అందుకని భుజం నొప్పి అని ఉన్నవాళ్ళందరినీ పిలిపించాడు, వాతమైనా సరే. ఆమె కట్టుతో వచ్చింది. చెయ్యి ఎత్తమన్నాడు. రొమ్ము దాకా ఎత్తి ఆగిపోయింది.

"ఇంకా."

"రాదు సారు. ఏడాదాయె. వాతం."

ఆఫీసరు ఆమె మణికట్టు పట్టుకుని ఒక్కసారిగా పైకి లేపాడు. ఆమె అరిచిన అరుపుకు వరండాలో కూర్చున్న పసిపిల్లలు ఏడుపు అందుకున్నారు. ఆయన చెయ్యి వదిలేసి రుమాలుతో తన చేతులు తుడుచుకున్నాడు. ఆ అరుపు నిజమో నటనో నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత తర్వాత ఆమెకూ తెలియకుండా పోయింది.

ముసలాయన నవ్వుతూ వచ్చాడు. ఇంత పెద్ద ఆఫీసరు తన ముచ్చట వినడానికి పిలిచాడని ఆయన సంబరం. చేతులు తిప్పుతూ, ఎడ్లను అనుకరిస్తూ, తాటిచెట్టంత గడ్డి మీదనుంచి పడ్డాడు. ఆఫీసరు రిజిస్టరు చూశాడు.

"ఇక్కడ రెండు గజాలని ఉందేంటి?"

"గది మొదట్ల సారు. ఎనుకంగ జర పెరిగింది."

చావడి ముందు చూసినవాళ్ళను పిలిచారు. వాళ్ళంతా ముసలాయన నోటనే ఆ ముచ్చట ఏడు వారాలుగా వింటున్నవాళ్ళు. ఒకరు అటక ఎత్తు అన్నారు, ఒకరు తాటిచెట్టు అన్నారు. "నేర్పిన పాఠం కూడా సరిగ్గా ఒప్పజెప్పలేకపోతున్నారండీ," అన్నాడు ఆఫీసరు. ముసలాయనను బండి ఎక్కించారు. "నిజంగనే పడ్డ సారూ, ఎడ్లనడుగుండ్రి!" అని ఆయన అరుస్తుంటే ఊళ్ళో వాళ్ళు కొందరు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, అలవాటు కొద్దీ.

ఇరవై మూడు రోజులకు వదిలారు. వచ్చాక వీపు చూపించమంటే చూపించాడు. నేను వెతికినంత మేర మానని గాయం ఒక్కటీ లేదు. ఎముక అతికిన చోట అతికినట్టే ఉంది. కానీ ఆయన కూర్చోలేకపోయాడు, పడుకోలేకపోయాడు. తలుపు చప్పుడైతే నడుము పట్టుకునేది. డాక్టరుగారు రెండుసార్లు చూసి, ఏమీ లేదన్నారు. ఏమీ లేదు అన్న మాటను ఆ ముసలాయన ఎంత జాగ్రత్తగా విన్నాడో నాకు గుర్తుంది. ఆ తర్వాత ఎవరు అడిగినా అదే మాట చెప్పేవాడు. ఏముంది తాతా? ఏం లేదు. నొస్తుందా? ఏం లేదు. ఆయవ్వ ఒకరోజు, "తాతా, బండి ముచ్చట జర చెప్పరాదు," అంది.

"ఏ బండి?" అన్నాడు.

ఇటు ఆమె చెయ్యి. క్యాంపు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఏడాదిన్నర ఆమె కట్టు విప్పలేదు. బావి దగ్గర, చేలో, చావడి ముందు, ఎవరు చూస్తున్నారో తెలియదు కాబట్టి ఎక్కడా చెయ్యి ఎత్తలేదు. కలుపు తీయడానికి వంగి ఎడమచేత్తో చేసింది. నాట్లకు పిలవడం మానేశారు. తన వాతం రుజువును తన భుజం మీదే మోసుకుని తిరిగింది. నేను చూసి, ఎంత బుద్ధిమంతురాలు, చెప్పినట్టు వింటోంది అనుకున్నాను.

పందొమ్మిది వందల యాభై ఒకటి అక్టోబరులో పోరాటం విరమించారని పత్రికలో వచ్చింది. క్యాంపు ఎత్తేశారు. గుడారాల గుంజలు పీకి లారీలో వేసుకుని పోయారు. ఊళ్ళో అందరికీ తెలిసింది. ఆ భుజానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది నేను. చెయ్యి ఎత్తొద్దన్న మాట చెప్పింది నేనే కనుక, దాన్ని వెనక్కి తీసుకోవలసింది కూడా నేనే.

నవంబరులో నాకు బదిలీ వచ్చింది. పెట్టె సర్దుకుంటుంటే ఆమె వచ్చింది.

"నర్సమ్మా, ఇగ ఎత్తుదమంటే వస్తలేదు. రొమ్ము కాడికి వచ్చి ఆగుతుంది. పట్టుకొని గుంజినట్టే అయితది."

తైలం ఇచ్చాను. ఇంకో దవాఖానలో చూపించుకోవడానికి పనికొస్తుందని ఒక చీటీ కూడా రాసిచ్చాను. బాధ: కుడి భుజం. సబబు: వాతం. ఎంతకాలం: పాత పుస్తకంలో పెట్టిన ఒక సంవత్సరానికి గడిచిన ఇరవై ఒక్క నెలలు కలిపాను. రెండు సంవత్సరాల తొమ్మిది నెలలు. పుట్టని వాతానికి నెలలతో సహా వయసు వేశాను. కూడిక మాత్రం తప్పలేదు.

ఆ చీటీని నేను మళ్ళీ చూసింది పందొమ్మిది వందల యాభై ఆరు జూన్‌లో, మహబూబాబాద్‌లో. మేం మానుకోట అనే ఊరు అదే; అప్పుడు అక్కడి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఆమె కేసముద్రం వైపు చెల్లెలి దగ్గరకు వచ్చేసింది. మార్కెట్లో బస్తాలు కుట్టేచోట రాలిన గింజలు ఎడమచేత్తో ఊడ్చే పని. కూతురి పెళ్ళికి ఇంకా టైముంది. చీటీకి అట్ట కట్టి, గుడ్డలో చుట్టి తెచ్చింది. అప్పటికి ముగ్గురు డాక్టర్లు దాని వెనక రాశారు. ముగ్గురూ వాతమనే రాశారు; ముగ్గురూ చెయ్యి కదిలించవద్దనే రాశారు. ఒకరు చదివి రాసింది ఇంకొకరు చదివి రాశారు.

"గీ చీటీకే ఎక్కువ నొస్తుందమ్మా," అంది నన్ను చూసి. "నేను నోరు తెరవకముందే అదే చెప్తది."

అక్కడి డాక్టరు కొత్తగా వచ్చినవాడు, ఓపిక ఉన్నవాడు. చీటీ పక్కన పెట్టి అడిగాడు: "దెబ్బ ఏమైనా తగిలిందా అమ్మా, మొదట్లో?"

ఆమె నా వైపు చూసింది. నేను సీసాల వైపు చూశాను.

"లేదు సారు. వాతం."

"దెబ్బ అయితే వేరేగా చూసేవాణ్ణి. రోజూ కొంచెం కొంచెం కదిలించేవాళ్ళం. వాతమైతే కదిలించకూడదు," అని చీటీ వెనక నాలుగో సంతకం పెట్టాడు.

ఆ వారమే హెడ్ నర్సుల జాబితా తయారవుతోంది. అందులో నా పేరు ఉంది. రిజిస్టరు దిద్దానని చెబితే సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక గీత పడుతుంది. క్యాంపు లేదు, ఆఫీసరు లేడు, ఆమెకు ఏ ప్రమాదమూ లేదు. ఒక్క వాక్యం చెబితే చాలు. చెప్పలేదు. జాబితా వచ్చింది, హెడ్ నర్సునయ్యాను.

నా చివరి ఎనిమిదేళ్ళు భూపాలపల్లి వైపు గడిచాయి. రేగొండ దగ్గర మా సొంత ఊరు కనుక కోరి వేయించుకున్నాను. అక్కడికి వచ్చేవాళ్ళు క్యాంపులు చూసినవాళ్ళు కాదు. తునికాకు మోసేవాళ్ళు, వెదురు నరికేవాళ్ళు, బల్ల ముందు కూర్చునే గుమాస్తాలు, పిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మలు. ఎప్పుడో చిన్న దెబ్బ, బెణుకు, కాన్పు, జ్వరం. అది మానిపోయింది. నొప్పి మానలేదు. ఒక పెద్ద డాక్టరు మాకు శిక్షణ ఇస్తూ, మూడు నెలలు దాటిన నొప్పి చాలాసార్లు గాయం సంగతి చెప్పదు, నరాలు నేర్చుకున్న సంగతి చెబుతుంది అన్నాడు. తక్కినవాళ్ళు రాసుకున్నారు. నేను రాసుకోలేదు. క్యాంపు ఎత్తేసినా ఎవరూ సెలవు ఇవ్వనందుకు అదే చోట నిలబడి పొద్దున్నే హాజరు పిలుస్తున్న జవాను ఒకడు నా కళ్ళ ముందు కనిపించాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అప్పటినుంచి సబబు గడిని మొదటి రోజు నింపడం మానేశాను. ఎలా నిద్రపోతున్నావు, దేనికి భయపడుతున్నావు, ఇంట్లో ఎవరు నమ్మడం లేదు, ఏ పని మానేశావు అని అడిగేదాన్ని. ఎక్కువ మందికి ఏం జరిగేదంటే, నొస్తుందని కదలరు; కదలనందుకు ఇంకా నొస్తుంది; నొస్తుందని చెబితే ఏమీ లేదంటారు; ఏమీ లేదన్నందుకు నిద్ర పట్టదు. మందులో సగం వాళ్ళ మాట నమ్మడమని, మిగతా సగం ఇవాళ ఒక జానెడు ఎత్తు, రేపు జానెడున్నర అని చెప్పడమని ఆ ఎనిమిదేళ్ళలో తెలిసింది. ఎందరో చేతులెత్తారు. నాకు మంచి పేరు వచ్చింది. మానుకోటలో నోరు మూసుకున్న మనిషికి, భూపాలపల్లిలో నోరు తెరిపించే నేర్పు ఉందని పేరు.

పందొమ్మిది వందల ఎనభై ఏడు జూన్ ఆఖరున రిటైరయ్యాను. ఆగస్టులో ఒక గురువారం, పొద్దున పదకొండింటికి, కేసముద్రం దగ్గర ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అరవై అయిదేళ్ళది. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. నన్ను గుర్తుపట్టడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

"ఏంది నర్సమ్మా, తైలం తెచ్చినవా?"

కూర్చుని అంతా చెప్పాను. బ్లేడు, రో, సం, చెయ్యి ఎత్తొద్దన్న మాట, దాన్ని వెనక్కి తీసుకోకపోవడం. నా జీవితంలో అంత వరుసగా ఏ నివేదికా ఇవ్వలేదు. ఆమె మధ్యలో నవ్వింది.

"గీ మాటకు గింత దూరం వచ్చినవా? ఆయవ్వ గా రోజే చెప్పింది నాకు. 'నర్సమ్మ నీ కోసమని కాయిదం గీకింది, ఇగ నువ్వు వాతందానివై ఉండాలె' అన్నది. నేనుంటి."

"తెలిసి కూడా మానుకోటల డాక్టరు అడిగితే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు సీసాలు సదురుతుంటివి. నా దిక్కు సూడకపోతివి. చెప్తే నీ నౌకరి పోతదనుకున్న. ఆడిపిల్ల, ఒక్కదానివి. నాకు ఎట్లనో చెయ్యి పాయె, నీకు నౌకరన్న ఉండనీయి అనుకున్న."

అబద్ధం ఆడి తప్పుకునే వీలు అప్పటికీ ఉంది. ఆడలేదు.

"నౌకరి పోయేది కాదక్కా. పుస్తకంల ఎర్ర సిరాతోని ఒక గీత పడేది."

"గంతేనా?"

"గంతే."

ఆమె ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని ఒళ్ళో సర్దుకుంది, పసిపిల్లను సర్దుకున్నట్టు.

"గీతకా," అంది.

తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. నేను ఇంకో పావుగంట కూర్చున్నాను. ఆమె బయటకు రాలేదు. పదకొండు గంటల యాభై నిమిషాలకు లేచి వచ్చేశాను.

పోయినవాటి లెక్క ఇది.

ఆమెవి. కుడి చెయ్యి, భుజానికి పైన: ముప్పై ఏడు సంవత్సరాల నాలుగు నెలలు. ఫిబ్రవరి నుంచి కాక ఏప్రిల్ నుంచి లెక్కించాను. మొదటి రెండు నెలలు లాఠీవి, మిగతావి నావి. నాట్లు: ఏడాదికి ఒక్కటే వేసుకున్నా, అరవై ఏళ్ళ దాకా ముప్పై మూడు. కూతురికి జడ వేయడం: ఒక్కసారీ లేదు. తన జుట్టు తాను ముడి వేసుకోవడం: మార్చి చివరి శుక్రవారం తర్వాత లేదు.

ముసలాయనవి. రోజులు, క్యాంపులో: ఇరవై మూడు. నిద్ర: తొమ్మిది సంవత్సరాలు, చనిపోయేదాకా. ముచ్చట: ఒకటి.

నావి. ఏమీ లేదు.